మగ తీగల పుప్పొడి

బియాన్ తోంగ్ భార్య పోలీస్ స్టేషన్‌కి రంపం అడగడానికి వచ్చింది.

"ఆయన లేచాక పనికి కావాలి కదండీ," అంది యెన్‌పింగ్. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఆ పిడి ఆయన చేతికి అలవాటు. కొత్తదైతే బొబ్బలెక్కుతాయి."

ఇన్‌స్పెక్టర్ డాంగ్ సుయున్ ఆవిడ ముఖంలోకి చూడలేక టేబుల్ మీది కాగితాలు సర్దింది. లేస్తాడని ఆవిడ నమ్ముతున్న మనిషి జిల్లా ఆసుపత్రిలో ముక్కులో గొట్టంతో పడి ఉన్నాడు. మొన్న మధ్యాహ్నం ఇంటి వెనక గడ్డిమందు తాగాడు. కడుపు కడిగారు కానీ ఇంకా నోట మాట లేదు.

ఎందుకు తాగాడో సుయున్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. బైషి లోయలో షె కైమెయ్ అనే పెద్దావిడ కివీ తోటలో పుండు తెగులొచ్చి తీగలు చచ్చిపోయాయి. శీతాకాలంలో ఆ తోట కత్తిరించిన బియాన్ తోంగ్, పాత గొడవ మనసులో పెట్టుకుని రోగపు రంపంతో కోసి తెగులెక్కించాడని కేసు కట్టింది సుయునే. ఊరందరి ముందు అతన్ని పందిరి కింద నిలబెట్టి, ఎక్కడెక్కడ కోశావో చూపించమంది. ఎవరో ఫోన్‌లో తీశారు. ఆ వీడియో కొండలు దాటిపోయింది. "ముద్దాయి దొరికాడు, ఇక భయం లేదు" అని ఊరి మైకులో చెప్పింది కూడా ఆవిడే. సాక్ష్యం చాలక పూచీకత్తు మీద వదిలిపెట్టినా, ఊరు అతన్ని వదల్లేదు. కొట్టువాడు అతని కూతురికి ఉప్పు అమ్మనన్నాడు.

"అది సాక్ష్యం అమ్మా. ఇప్పుడివ్వడం కుదరదు," అంది సుయున్.

"అలాగేనండీ. తెలీక అడిగాను." యెన్‌పింగ్ సంచిలోంచి గుడ్డలో చుట్టిన మంతౌలు, ఆవిరి మీద వండిన రొట్టెలు, రెండు తీసి టేబుల్ మీద పెట్టింది. ఇంకా వేడిగానే ఉన్నాయి. "ఆసుపత్రిలో కాపలా కూర్చున్న మీ కానిస్టేబుల్ అబ్బాయి పొద్దున్నుంచీ ఏం తిన్లేదు. ఇవి వండి తెచ్చేసరికి డ్యూటీ మారిపోయాడట. వస్తే ఇవ్వండి."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒక్క మాటండీ. మందు తాగడం కూడా నేరమేనా? ఆయన మీద ఇంకో కేసేమైనా అవుద్దా?"

"అవదమ్మా."

"హమ్మయ్య," అనుకుంటూ మెట్లు దిగిపోయింది.

సుయున్ చెవులు కాలిపోయాయి. ఆవిడ జుట్టు విరబోసుకుని నలుగురూ వినేలా తిట్టిపోసి ఉంటే ఎంతో తేలిగ్గా ఉండేది.

పక్క గదిలోంచి కెప్టెన్ షాంగ్ వచ్చాడు. నగరం నుంచి కేసు మూయించడానికి పంపిన మనిషి. వయసులో సుయున్ కన్నా పదేళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. మంతౌ ఒకటి తీసి విరిచి నోట్లో వేసుకున్నాడు.

"అది నీకు కాదు," అంది సుయున్.

"లంచం కిందకి వస్తుంది కదా అక్కా, సాక్ష్యం మాయం చేస్తున్నాను." నవ్వాడు. "సరే, ఫైలు మీద సంతకం పెట్టండి. రంపం పళ్ళలో తెగులు క్రిములు దొరికాయి. 'నీ పందిరి మీద రేపు ఆకు కూడా మిగలదు' అని కైమెయ్‌ని నలుగురి ముందు అన్నాడు. పట్టుకున్నాం, మందు తాగాడు. వాడే ఒప్పుకున్నట్టయింది. ఇంకేం కావాలి?"

"సిగ్గేసి తాగాడేమో."

"తప్పు చెయ్యనివాడికి సిగ్గెందుకండీ?"

సుయున్ జీపు తాళాలు తీసుకుంది. "తోట చూసొచ్చి పెడతాను సంతకం."

"ఆ తోట ఇదివరకే చూశారుగా?"

"అప్పుడు మనుషుల్ని చూశాను. తీగల వంక చూడలేదు."

షాంగ్ నిట్టూర్చి, మిగిలిన ముక్క నోట్లో వేసుకుని వెనకే బయల్దేరాడు. "పదండి. ఇంకా ఏమేం పాడు చేస్తారో కళ్ళారా చూస్తాను."

* * *

కైమెయ్ తోట రెండు ముక్కలు. వాలు మీద పై తోట, ఇంటిని ఆనుకుని కింది తోట. మధ్యలో కాలవ. పోయిన నెల వచ్చినప్పుడు సుయున్ జనాన్ని వెంటేసుకుని నేరుగా పై తోటకే ఎక్కింది. కాలవ ఇవతల ఏముందో తొంగి కూడా చూడలేదు.

ఈసారీ ముందు పైకే వెళ్ళింది. నరికేయగా మిగిలిన మొదళ్ళకి సున్నం పూసి ఉంది. ఆఖరి వరసలో నాలుగైదు తీగలు మాత్రం పరీక్షల కోసమని నరక్కుండా ఉంచారు. వాటి కాండం మీద తుప్పు రంగులో చారికలు ఎండిపోయి ఉన్నాయి. సుయున్ చాకుతో బెరడు గీకింది. లోపల చెక్క ఎర్రగా కుళ్ళి వాసనేస్తోంది.

"చూడు షాంగ్. ఇది శీతాకాలంలో రంపం కోసిన చోటు." కొమ్మ చివర చూపించింది. కోత ఎండి, మూసుకుపోయి, శుభ్రంగా ఉంది. "రంపంతో రోగమెక్కితే పుండు ఇక్కణ్ణుంచి మొదలవ్వాలి. కానీ చీము ఎక్కడ మొదలైందో చూడు. నిరుడు కాయ కాసిన చిన్న కొమ్మల మొదట్లో. అక్కణ్ణుంచి కిందకి దిగింది."

"చీము కదా, ఎటైనా కారుతుంది," అన్నాడు షాంగ్. "కోర్టులో ఈ మాట నిలబడదక్కా."

అతనన్నదీ నిజమే. సుయున్ వాలు దిగి కాలవ దాటింది.

కింది తోట పందిరి నిండా ఆకు. లేత ఆకు మీద ఒక్క మచ్చ లేదు. తెల్లటి పువ్వులు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. కైమెయ్ పార భుజాన వేసుకుని ఎదురొచ్చింది.

"రా తల్లీ, రా. ఆ దుర్మార్గుడు ఇంకా బతికే ఉన్నాడటగా?"

సుయున్ పందిరి వైపు చెయ్యి చూపించింది. "పెద్దమ్మా, ఈ కింది తోట ఎవరు కత్తిరించారు?"

"వాడే."

"ఏ రంపంతో?"

"వాడికున్నదే ఒక్కటి. ముందు పై తోటంతా కోశాడు. ఆ సాయంత్రమే ఇటు దిగాడు."

సుయున్ షాంగ్ వైపు తిరిగింది. అతను పందిరి మీది కోతలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"రంపం కడుక్కుని ఉండొచ్చు," అన్నాడు.

"పగబట్టినవాడు సగం తోట నాశనం చేసి, మిగతా సగానికి రంపం కడుక్కుని వస్తాడా?"

సుయున్ మళ్ళీ కైమెయ్‌ని అడిగింది. "పైన చచ్చింది, కింద బతికింది. రెండింటికీ తేడా ఎక్కడుంది పెద్దమ్మా? నీళ్ళా, ఎరువా?"

"అన్నీ ఒకటేనమ్మా. ఒకే కాలవ, ఒకే పెంట. ఇది మా ఆయన పెట్టిన పాత తోట. పందిరి ఎత్తు తక్కువ, ఊదే యంత్రం దూరదు. అందుకని నేనే మగ పువ్వు తుంచి, ఒక్కో ఆడ పువ్వుకీ రాసుకుంటాను. ఇదిగో, ఈ మూలున్న మగ తీగ పువ్వులే. పైన మాత్రం నిరుడు సంఘం వాళ్ళిచ్చిన పుప్పొడి ఊదించాం."

"నిరుడు మొదలుపెట్టారా?"

"అవును. ఛైర్మన్ గారు కొత్తగా తీసిన పుప్పొడి, ముందు నీ తోటలో చూద్దాం పిన్నీ అన్నారు. సరే అన్నాను."

సుయున్ చేతిలో చాకు మూసి జేబులో పెట్టుకుంది. "ఆ పుప్పొడి ఊదాక పూత ఎలా ఉంది?"

"కొన్ని మొగ్గలు ముదురు రంగు తిరిగి రాలిపోయాయి. వాన దెబ్బ అనుకున్నాం. తర్వాత ఆకు మీద మచ్చలు, చుట్టూ పసుప్పచ్చగా. ఎండలు ముదిరేసరికి అవీ ఆగాయి. కాయ బాగానే దిగింది. చలికాలం తీగ నున్నగా, ఏ జబ్బూ లేనట్టే ఉంది. మంచు కరిగి నీరెక్కేసరికి ఎర్ర చీము మొదలైంది." కైమెయ్ పార దించింది. "ఇదంతా నీకు అప్పుడే చెప్పబోయాను కదమ్మా. 'అవన్నీ వద్దు, గొడవ సంగతి చెప్పు' అన్నావు."

అన్న మాట నిజం. సుయున్‌కి తన గొంతు కూడా గుర్తుంది. ఇంకో గొంతూ గుర్తొచ్చింది. స్టేషన్‌లో ప్రశ్నిస్తున్నప్పుడు బియాన్ తోంగ్ తల వంచుకుని, "మేడమ్, అసలా మగ తీగలు..." అని మొదలుపెట్టాడు. తను బల్ల మీద కొట్టి, అడిగినదానికే జవాబు చెప్పమంది. ఆ తర్వాత అతను నోరు తెరవలేదు.

"నిరుడు పూత సమయంలో బియాన్ తోంగ్ ఊళ్ళో ఉన్నాడా?"

"లేడు. రోడ్డు పనికని పడమరకెళ్ళాడు. కాయ కోతలకి వచ్చాడు." కైమెయ్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏంటమ్మా? అతను కాదా?"

"ఆ రోజు మీ ఇద్దరికీ గొడవెందుకొచ్చింది? సరిగ్గా ఏమన్నాడు?"

"తీగ మీద మోయలేనంత కాయ ఉంచుతున్నానన్నాడు. ఇలా పిండితే రేపు ఆకు కూడా మిగలదన్నాడు. నా తోట సంగతి నీకెందుకురా అన్నాను..." ఆ మాటలు తన నోటి నుంచి తనే విన్నాక కైమెయ్ కాలవ గట్టు మీద చతికిలబడింది. "అది శాపం అనుకున్నానమ్మా. నేను వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, వాళ్ళ పిల్ల వింటుండగా, అనరాని మాటలన్నీ అన్నాను."

షాంగ్ సుయున్‌ని పక్కకి లాగాడు. "మరి రంపం పళ్ళలో క్రిములు?"

"మార్చిలో మొక్కల డాక్టర్లు వచ్చి చచ్చిన తీగలు నరకమన్నారు. ఆ రంపంతోనే అతను నరికాడు. నరికాక మనం పట్టుకున్నాం."

"ఆ ముక్క మీ రిపోర్టులో లేదు."

"లేదు."

"మర్చిపోయారా?"

సుయున్ పందిరి కేసి చూసింది. "లేదు. రాస్తే కేసు నిలబడదని రాయలేదు."

అప్పటిదాకా షాంగ్ ముఖంలో ఉన్న వెటకారం పోయింది. అది పోయాక ఆవిడకి ఇంకా కష్టంగా ఉంది.

"ఇది నేను వినలేదనుకోండి," అన్నాడు.

"విన్నావు. అలాగే రాసుకో."

* * *

రైతు సంఘం పుప్పొడి గది చల్లగా ఉంది. గోడవారగా ఖాళీ జల్లెళ్ళు, చిన్న మర, మూల పెద్ద ఫ్రీజరు. ఛైర్మన్ హౌ గ్వాంగ్‌లిన్ అరవై దాటిన మనిషి. ఈ లోయలో మొక్కజొన్న పీకించి కివీ నాటించింది ఆయనే. ఆయనంటే ఊళ్ళో చిన్నా పెద్దా లేచి నిలబడతారు. పోయిన నెల, "శీతాకాలంలో ఆ తోటలో రంపం ఆడించింది బియాన్ తోంగ్ ఒక్కడే కదమ్మా" అని సుయున్‌కి మొదట చెప్పిందీ ఆయనే. అప్పుడు సుయున్ కూడా లేచి నిలబడే వింది.

"టీ తాగి మాట్లాడుకుందాం," అన్నాడు హౌ.

"మీ పుప్పొడికి మగ పువ్వులు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"మన పెరట్లోవేనమ్మా."

"చూపిస్తారా?"

"చూపిస్తాను, తొందరేముంది? ముందు టీ..."

సుయున్ వెనక తలుపు తోసుకుని పెరట్లోకి నడిచింది. పందిరి రాతి స్తంభాలున్నాయి, తీగల్లేవు. నేలకి సమంగా నరికిన మొదళ్ళు, వాటి మీద సున్నం. ఓ మూల బూడిద కుప్ప, సగం కాలిన దుంగలు. ఒక దుంగని షాంగ్ బూటుతో దొర్లించాడు. కాలని వైపు బెరడు మీద తుప్పు రంగు చారిక, కైమెయ్ తోటలో చూసినట్టే ఉంది.

"ఎప్పుడు నరికించారు?" అని అడిగింది సుయున్.

"ఫిబ్రవరిలో. ముసలి తీగలు."

"ముసలి తీగల్ని నరికి వంటకి వాడుకుంటారు. వేళ్ళకి సున్నం పోసి, ఇంటి పెరట్లోనే తగలబెట్టరు. ఎవరు నరికారు?"

హౌ చూపు బూడిద కుప్ప మీదికి పోయింది.

"బియాన్ తోంగ్ నరికాడా?"

"చలికి పగిలాయని చెప్పాను వాడికి." హౌ గొంతు పెంచాడు. "నన్ను ప్రశ్నిస్తున్నావా నువ్వు? మీ నాన్న ఈ జిల్లాలో సైకిలు మీద తిరిగే రోజుల్లో నేను ఈ లోయకి కివీ తెచ్చాను! ఒక్క మాట బయటికి పొక్కితే వ్యాపారులు వంతెన దగ్గర్నుంచే లారీలు తిప్పుకుపోతారు. ఊరంతా మట్టి తింటుంది. ఒక్కడి పేరు పోతే ఊరు నిలబడుతుందనుకున్నాను."

"ఆ ఒక్కడు మీరెందుకు కాలేదు?" అన్నాడు షాంగ్.

సుయున్ ఆశ్చర్యంగా షాంగ్‌ని చూసింది. హౌ వెనక్కి తిరిగి గదిలోకి నడిచాడు, వెనకే వాళ్ళిద్దరూ వెళ్ళారు. హౌ జల్లెళ్ళ బల్ల పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఛైర్మన్ గారూ, తీగలు ఫిబ్రవరిలో పోయాయి. మరి ఈ ఏడు పువ్వెక్కడిది? ఫ్రీజర్లో ఉన్నదేంటి?"

"నిరుడు తీసి దాచిన పుప్పొడి."

"ఆ తీగలదే?"

హౌ తలూపాడు. "గడ్డకట్టిస్తే క్రిములు చస్తాయనుకున్నాను."

షాంగ్ ఫ్రీజరు తలుపు లాగాడు. అరలన్నీ ఖాళీ.

"సీసాలేవి?"

"పూత విచ్చుకుంటోందిగా. ఇవాళ మధ్యాహ్నమే పంచేశాను. నిరుడు కైమెయ్ ఒక్కతే వాడింది. ఈసారి బయట దొరకలేదని ఊరంతా పట్టుకెళ్ళారు. రేపు పొద్దున మంచు ఆరగానే అందరూ ఊదుతారు."

సుయున్ గోడకి తగిలించిన మైకు అందుకుంది. ఊళ్ళో ప్రతి స్తంభానికీ ఉన్న స్పీకర్లు దానికే కలిపి ఉన్నాయి.

"ఆగండి," అన్నాడు షాంగ్ మెల్లగా. "పుప్పొడి వాడొద్దని చెప్పండి చాలు. బియాన్ తోంగ్ సంగతి ఎత్తారంటే మీ యూనిఫాం పోతుంది."

"ఎత్తకపోతే నా మాట ఎందుకు వింటారు?"

మీట నొక్కింది.

"నేను ఇన్‌స్పెక్టర్ డాంగ్ సుయున్‌ని. పోయిన నెల ఇదే మైకులో బియాన్ తోంగ్ ముద్దాయని చెప్పాను. అది తప్పు. అతను కైమెయ్ తోటకి ఏ హానీ చెయ్యలేదు. అనుమానించడానికి ఆధారం లేదని నాకు తెలిసి కూడా కేసు రిపోర్టు నేను సరిగ్గా రాయలేదు. తెగులు సంఘం పుప్పొడిలోంచి వచ్చింది. మీ ఇళ్ళలో ఉన్న సీసాలు తెరవకండి. ఇప్పుడే తెచ్చి సంఘం ముందు పెట్టండి."

బయటికొచ్చేసరికి అప్పటికే జనం పోగయ్యారు. ఒక్కడి చేతిలోనూ సీసా లేదు.

"అప్పుడు వాడన్నావు, ఇప్పుడు ఛైర్మన్ గారంటున్నావు," అన్నాడు కొట్టువాడు. "ఎల్లుండి ఎవరి పేరు చెబుతావు తల్లీ? ఈ పుప్పొడి లేకపోతే మాకు ఈ ఏడు కాయే లేదు. నీ మాట మీద పారబోసుకోవాలా?"

సుయున్ ఒక మెట్టు దిగింది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి, పోయిన నెల బియాన్ తోంగ్ మీద ఉన్నట్టే. అక్కడే నిలబడింది.

జనాన్ని తోసుకుంటూ కైమెయ్ వచ్చింది. ఈ ఏడు కింది తోటలో రాసి చూద్దామని తెచ్చుకున్న సంఘం సీసా చేతిలో ఉంది. దాన్ని సుయున్ కాళ్ళ దగ్గర పెట్టి, కొట్టువాడి వైపు తిరిగింది. "ఆ పిల్లకి ఉప్పు అమ్మనన్నావు చూడు, నేనన్నాననే కదరా? ఇప్పుడూ నేనే అంటున్నాను. పోయి సీసా పట్టుకురా."

ఒకరి తర్వాత ఒకరు కదిలారు. అప్పుడే సుయున్ ఫోన్ మోగింది. యెన్‌పింగ్.

"ఆయన కళ్ళు తెరిచారండీ. మిమ్మల్నే పిలవమంటున్నారు. నాకేం చెప్పట్లేదు."

* * *

దారంతా షాంగే జీపు నడిపాడు.

మంచం మీద బియాన్ తోంగ్ ముఖం బూడిద రంగులో ఉంది. గొంతు కాలిపోయి, మాట గాలిలా వస్తోంది. ఎక్కువసేపు వద్దని చెప్పి నర్సు బయటికెళ్ళింది. యెన్‌పింగ్ వేడినీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"మీరు కాదని తెలిసింది," అంది సుయున్, మంచం కమ్మీ పట్టుకుని. "ఊరంతా వినేలా చెప్పాను. నేను మిమ్మల్ని..."

అతను తల అడ్డంగా ఊపాడు. "కైమెయ్ తోట... నేను కాదు. మిగతావి నేనే."

"మిగతావేంటి?"

"వసంత పండుగకి ముందు. ఛైర్మన్ గారి మగ తీగల పుల్లలు కోసి, అడిగినవాళ్ళందరికీ అంటు కట్టాను. మేలు జాతి అన్నారు. అప్పటికి తీగ మీద మచ్చే లేదు. నది అవతల ఊళ్ళలో కట్టాను. వంతెన దగ్గర నర్సరీలో కూడా."

షాంగ్ అప్పటికే ఫోన్ తీశాడు. బయట వరండాలో నర్సరీ వాడితో మాట్లాడుతున్న అతని గొంతు వినిపించింది. అంతలోనే తిరిగొచ్చాడు. "అంటు మొక్కలు నిన్ననే లారీకెత్తారు. దక్షిణానికి. కొండ సొరంగం దాటేసింది." మళ్ళీ ఫోన్ చెవిన పెట్టుకుని పరిగెత్తాడు.

"మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది సుయున్.

"ఆయన తీగలు నరికినప్పుడు ఎర్రనీరు చూశాను. చలికి పగిలిందన్నారు. నమ్మితే బాగుంటుందని నమ్మాను. కైమెయ్ తోట చూశాక ఇక నమ్మడానికి లేకపోయింది." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "స్టేషన్‌లో చెబుదామని మొదలుపెట్టాను. మీరు ఆపారు. ఆపగానే... ప్రాణం హాయిగా అనిపించింది మేడమ్. ఇక చెప్పక్కర్లేదు కదా అని. మీ కేసు కన్నా అదే నన్ను తినేసింది."

సుయున్ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. "నది అవతల ఎవరెవరి తోటలు? ఈసారి ఆపను. చెప్పండి."

అతని చూపు ఆవిడ భుజం మీదుగా తలుపు దగ్గరికి పోయింది. యెన్‌పింగ్ వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"ఆవిణ్ణి బయటికి పంపండి," అన్నాడు బియాన్ తోంగ్.

యెన్‌పింగ్ కదల్లేదు. "చెప్పు. ఆవిడ అడుగుతోందిగా."

అతను దుప్పటి ముఖం మీదికి లాక్కోబోయాడు. యెన్‌పింగ్ వచ్చి దాన్ని కిందకి దించింది.

"మొదటిది... మీ నాన్నది."

యెన్‌పింగ్ ఫ్లాస్కు కింద పెట్టింది. ఫోన్ తీసి, తండ్రికి కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

"నాన్నా, ఆయన కట్టిన మగ అంటు దగ్గరికోసారి వెళ్ళి చూడు. ఎర్రగా ఏమన్నా కారుతోందా?"

అవతల నుంచి ముసలి గొంతు, భయంగా, చిన్నగా వచ్చింది.

"నీకెవరు చెప్పారే? ఎవరూ చూడకూడదని నెల నుంచీ పొద్దున్నే తుడిచేస్తున్నాను. అల్లుడి మీద అసలే కేసు. మన తోటలో కూడా ఇదే అని తెలిస్తే మొహమెక్కడ పెట్టుకుంటాం?"

సుయున్ ఫోన్ దగ్గరికి వంగింది. "పెద్దాయనా, దేంతో తుడిచారు?"

"గుడ్డతోనమ్మా. తడిగుడ్డతో."

"అదే గుడ్డతో ఇంకే తీగలైనా తుడిచారా?"

"అన్నీ తుడిచాను తల్లీ," అన్నాడు ముసలాయన. "మాదొక్కటే శుభ్రంగా ఉంటే అనుమానమొస్తుందని, పక్క తోటలవి కూడా."